రెండు వందల పన్నెండు ఖాళీలు

జూన్ 3, మంగళవారం

కంపెనీ ప్రతి ఏడూ ఇచ్చే డైరీ ఇది. ఇన్నేళ్లలో ఒక్కదాంట్లోనూ ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. ఈసారి రాయాలనిపించింది. సిస్టమ్స్ హెడ్‌ని కదా, నిన్న మా కొత్త సిస్టమ్ నా చేతుల మీదుగా మొదలైంది. ఆ సంగతి ఎవరితోనైనా చెప్పుకోకపోతే నాకు తోచదు. ఇంట్లో ఆయనకు చెప్పబోతే "లిఫ్టుల గురించేగా" అని పేపరు తిప్పారు.

అవును, లిఫ్టుల గురించే. ఊరు మొత్తం మీద మూడు వేల నాలుగు వందల లిఫ్టుల బాగోగులు మా కంపెనీవి. ఏ లిఫ్టును ఏ మెకానిక్ ఎప్పుడు చూశాడు, మళ్లీ ఎప్పుడు చూడాలి అన్నది మొన్నటిదాకా ఒక ముసలి సిస్టమ్‌లోనూ, అంతకు మించి పిన్ని తలకాయలోనూ ఉండేది. పిన్ని అంటే నాకు పిన్ని కాదు. కాల్ రూమ్‌లో ముప్పై ఒక్క ఏళ్లుగా కూర్చుంటున్నావిడ, ఆఫీసు మొత్తానికీ పిన్నే. ఆవిడకు జలుబు చేసి రాకపోతే ఆ రోజు మెకానిక్‌లు దారి తప్పిన పెళ్లివారిలా తిరిగేవారు. కంపెనీ అన్నది ఒక మనిషి తలకాయలో ఉండకూడదని నేను ఆరేళ్లుగా మొత్తుకుంటున్నాను.

ఈ ఉదయం పది గంటల మీటింగులో ఎండీ గారు గోడ మీద పెద్ద తెర చూపించారు. లిఫ్టుకో చుక్క. అన్నీ పచ్చగా ఉన్నాయి. "ఇకమీద మనం లిఫ్టులు బాగుచేసేవాళ్లం కాదు. ఏ లిఫ్టు ఎప్పుడు మొరాయిస్తుందో ముందే తెలిసినవాళ్లం" అన్నారు. ఒక బిల్డర్ల సంస్థ తొమ్మిది వందల భవనాలు మాకు అప్పగించే ఆలోచనలో ఉంది. ఇరవై నాలుగో తేదీన ఈ తెర చూడటానికి వస్తున్నారు. అది కుదిరితే నన్ను బోర్డులోకి తీసుకుంటానని ఎండీ గారు అందరి ముందూ అనలేదు గానీ, టీ తాగేటప్పుడు నాతో అన్నారు.

గోడకు ఒక పట్టిక కూడా అంటించాం. ఏ సమాచారానికి ఎవరు యజమానో అందులో ఉంది. యజమాని సంతకం లేనిదే ఆ సమాచారంలో అక్షరం కూడా మారదు. ఆ నియమం నాదే. సర్వీసు రికార్డులకు యజమాని పిన్ని. చెప్తే, "యజమానినయ్యానా! అయితే కుర్చీ మార్పించండి. దీని చక్రం ఊడి రెండేళ్లయింది" అంది. అందరం నవ్వాం. మీటింగుకు మాత్రం ఆవిడ రాదు. పొద్దున పది గంటలకే కాల్స్ ఎక్కువ.

ఒక్కటే చిన్న చికాకు వచ్చింది. పాత సిస్టమ్‌లో రెండు వందల పన్నెండు లిఫ్టులకు "పని పూర్తయిన తేదీ" అన్న గడి ఖాళీగా ఉంది. కొత్తది ఖాళీలను ఒప్పుకోదు. అందుకని మెకానిక్ చివరిసారి వెళ్లిన తేదీనే ఆ గడుల్లో నింపించాను. ఐదు నిమిషాల పని. ఖాళీ గడి కనిపిస్తే నాకు చిన్నప్పటి నుంచీ ఒంటి మీద జెర్రులు పాకినట్టు ఉంటుంది.

జూన్ 5, గురువారం

అన్నీ పచ్చగానే ఉన్నాయి. రోజుకు నాలుగుసార్లు చూస్తున్నాను.

జూన్ 9, సోమవారం

పిన్ని నా గదికి వచ్చింది. ఆవిడ కాల్ రూమ్ వదిలి రావడం నేనెప్పుడూ చూడలేదు. చెవికి ఆ హెడ్‌ఫోన్ అలాగే వేలాడుతోంది.

"ఏమ్మా, నా ఖాళీలు ఏమైపోయాయి?"

"ఏ ఖాళీలు పిన్నీ?"

"పొద్దున్నే తెర తీయగానే పైన కనిపించేవి కదా. వారం నుంచి వెతుకుతున్నా. అవి నేను కావాలని వదిలేసినవమ్మా. మెకానిక్ ఫోన్ చేసి అయిపోయింది పిన్నీ అంటాడు. అయిందో లేదో గొంతులో తెలిసిపోతుంది. నాకు నమ్మకం కుదరకపోతే తేదీ వెయ్యను. వెయ్యకపోతే అది రోజూ నా కళ్ల ముందే ఉంటుంది, రోజూ వాడి ప్రాణం తీస్తాను. నిజంగా అయిందని తేలాకే వేస్తా."

"అలా అని రూల్స్‌లో ఎక్కడా లేదు పిన్నీ."

"రాసినవాళ్లు నన్నడిగితే కదా ఉండేది. అయినా మే నెలలోనే మొత్తం ప్రింటు తీసి, పక్కన పెన్సిల్‌తో రాసి నీకు పంపించానుగా?"

"నాకు అందలేదు. ఇప్పుడు ఇరవై నాలుగో తేదీ పని పీకల మీద ఉంది. తర్వాత తీరిగ్గా కూర్చుందాం."

"నీకు తీరేదాకా లిఫ్టులు ఆగవు కదమ్మా" అని వెళ్లిపోయింది.

ఆ కాగితం నాకు అందలేదు. అందినా చూసిన గుర్తు లేదు. రోజుకు ఎన్ని కాగితాలు వస్తాయో నా టేబుల్ మీదికి, ఎవరికైనా తెలుసా?

జూన్ 10, మంగళవారం

మీటింగులో పిన్ని మాట ఎత్తుదామనుకున్నాను. అజెండాలో లేదు. అజెండాలో లేనిది మాట్లాడకూడదన్న నియమం కూడా నాదే.

జూన్ 11, బుధవారం

నాలుగంతస్తుల భవనం. మూడో అంతస్తులో కళ్ల ఆసుపత్రి ఉంది. కంటికి ఆపరేషన్ చేయించుకున్న ఒక పెద్దాయన కట్టుతో లిఫ్టులో కిందికి వచ్చాడు. లిఫ్టు గచ్చుకు బెత్తెడు పైన ఆగి తలుపు తెరుచుకుంది. ఆయనకు ఒక్క కన్నే కనిపిస్తోంది, గడప సమానంగా ఉందనుకుని అడుగేశాడు. తుంటి ఎముక విరిగింది. ఈ ఉదయం పదకొండున్నరకు.

మా సిస్టమ్‌లో ఆ లిఫ్టుకు పచ్చ చుక్క. పని పూర్తయింది, మళ్లీ చూడాల్సింది ఆగస్టులో.

ఆ రెండు వందల పన్నెండులో అదొకటి. నేను చేసింది ఒక గడి నింపడం. లిఫ్టును బెత్తెడు పైన ఆపింది నేను కాదు.

జూన్ 12, గురువారం

ఎండీ గారి గదిలో రెండు గంటలు ఉన్నాం. పడిపోయినాయన ఏమన్నాడో ఎవరో ఫోన్ చేసి చెప్పారు. "నా కన్ను మూసి ఉంది కదా, చూసుకోకుండా దిగాను, తప్పు నాదే" అన్నాడట. ఎండీ గారి మొహం కాస్త తేటపడింది. ఎవరైనా అలాగే తేటపడతారు, ఆయన్ని అనడానికేం లేదు.

తర్వాత రికార్డు తీశారు. "పూర్తయిన తేదీ" గడి పక్కన, ఎవరు నింపారన్న చోట పిన్ని పేరు ఉంది.

ఉంటుంది మరి. యజమాని తప్ప ఎవరూ మార్చకూడదన్నది నియమం. మార్చాల్సింది రెండు వందల పన్నెండు గడులు, చేతిలో ఉన్నది ఒక్క ఆదివారం. పిన్నిని పిలిపించి ఒక్కొక్కటీ అడుగుతూ కూర్చునే వీలు లేదు. మా డేటా చూసే అమ్మాయి, "పిన్ని గారి పేరుతోనే నడిపించేయనా మేడమ్?" అంది. సరే అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను.

ఎండీ గారు నా వైపు చూసి, "ఆవిడ పని పూర్తి కాకుండానే తేదీ వేసేసింది, అంతేగా?" అన్నారు.

"రికార్డులో అలాగే ఉంది సార్" అన్నాను. అందులో అబద్ధం లేదు.

జూన్ 13, శుక్రవారం

పిన్నిని విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు. ఆవిడ లాగిన్ ఆపేయించింది నేనే, ఆ పని నా విభాగానిదే కాబట్టి. కాల్ రూమ్ నుంచి వెళ్తూ తన చెంచా, గ్లాసు, పెన్సిళ్ల డబ్బా సంచిలో వేసుకుంది. నా గది ముందు ఆగి లోపలికి చూసింది. నేను ఫోన్‌లో ఉన్నాను. అవతల ఎవరూ లేరు.

డేటా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, "మేడమ్, ఆ ఆదివారం మనం..." అని మొదలుపెట్టింది. తర్వాత మాట్లాడదాం అన్నాను. దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

మధ్యాహ్నం స్టేప్లర్ కోసం రెండో సొరుగు లాగాను. ఉంది అక్కడ. ఏడు పేజీల ప్రింటు. మొదటి పేజీ మూలన నా టిక్కు, పక్కన నా అక్షరాలతో "మే 19". అంటే చూశాను. చూశానని గుర్తు కూడా పెట్టాను.

నూట నలభయ్యో వరుసలో కళ్ల ఆసుపత్రి భవనం. పక్కన పెన్సిల్ రాత: "గడప కలవట్లేదు. బెత్తెడు తేడా. వాడు సరిచేశానన్నాడు, గొంతు బాలేదు. కళ్ల ఆసుపత్రి, చూపు లేనివాళ్లు వస్తారు. తొందరగా." ఆఖరి మాట కింద రెండు గీతలు.

ఎనభై ఏడో వరుసలో అక్క వాళ్ల భవనం.

జూన్ 14, శనివారం

అక్క ఇంటికి వెళ్లాను. ఐదో అంతస్తు. మెట్లెక్కి వెళ్లాను. అక్క బట్టలు కుడుతుంది, రోజంతా మిషన్ తొక్కి తొక్కి మోకాళ్లు అరగదీసుకుంది. మిషన్ ఆపకుండానే నా మొహం చూసి, "ఏమే, కుక్క తరిమిందా? ఆ రొప్పడమేంటి?" అంది.

"కొన్నాళ్లు నువ్వు కూడా మెట్లే ఎక్కక్కా. మంచిది."

"లిఫ్టు కంపెనీలో ఉద్యోగం చేస్తూ నన్ను మెట్లెక్కమంటావా! నా మోకాళ్ల మీద నీకేం పగే?"

"వ్యాయామం అక్కా. డాక్టర్లందరూ చెప్తున్నారు."

అక్క మిషన్ ఆపింది. నోట్లోంచి గుండుసూదులు తీసి పక్కన పెట్టింది. చిన్నప్పుడు నేను పలక పగలగొట్టి పక్కింటి పిల్ల మీద చెప్పినప్పుడు కూడా ఇలాగే చూసింది. ఏమీ అడగలేదు, టీ పెట్టి ఇచ్చింది. ఎనభై ఏడో వరుస పక్కనున్న పెన్సిల్ రాత మాత్రం నా కళ్ల ముందు నుంచి కదల్లేదు: "తలుపు మూసుకునే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తోంది. వాడు బాగుందన్నాడు. నాకు నమ్మకం లేదు."

జూన్ 15, ఆదివారం

ఏమీ జరగలేదు. ఇల్లంతా సర్దాను. రెండుసార్లు సర్దాను. ఆయన "ఏమిటా కాలుగాలిన పిల్లి తిరుగుడు" అన్నారు.

జూన్ 16, సోమవారం

ఎవరికీ తెలియకుండా చక్కబెట్టొచ్చు అనుకున్నాను. మెకానిక్‌ల సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి, ఒక అరవై భవనాల పేర్లు చదువుతాను, మీవాళ్లను పంపించి ఊరికే ఒకసారి చూసి రమ్మనండి అన్నాను.

"ఊరికే ఎలా పంపుతాను మేడమ్? సిస్టమ్‌లో పని లేకుండా వెళ్తే మెమో ఇస్తామని ఒకటో తేదీన కాగితం పంపింది మీరే కదా?"

"నేను చెప్తున్నాను కదా."

"చెప్పడం వద్దు మేడమ్, సిస్టమ్‌లో పెట్టండి. అది కూడా మీరే రాశారు" అన్నాడు. వెటకారం లేదు అతని గొంతులో, నిజంగానే భయపడుతున్నాడు.

సిస్టమ్‌లో పెట్టాలంటే ఆ తేదీలు చెరిపేయాలి. చెరపాలంటే మార్పు ఫారం నింపాలి. ఫారంలో కారణం రాయాలి, ఎవరి వల్ల జరిగిందో రాయాలి, యజమాని సంతకం కావాలి. ఎవరూ తప్పించుకోకూడదనే ఆ ఫారం తయారుచేశాను. ఎంత బాగా తయారుచేశానో ఈ రోజే తెలిసింది.

అప్పటిదాకా ప్రింటులో ఉన్న ఈ లిఫ్టుల మాటేమిటి? బడి ఒకటి. రెండు బట్టల కొట్లు. ఒక ప్రసూతి ఆసుపత్రి. ఇవి నాలుగో పేజీ వరకే.

జూన్ 17, మంగళవారం

మీటింగు. విచారణ ముగిసిందన్నారు. "రికార్డు యజమాని నిర్లక్ష్యం" అని ఒక వాక్యం. పిన్నిని ఉద్యోగం నుంచి తీసేయాలని ఇంకో వాక్యం. ఫైలు ఒకరి తర్వాత ఒకరి దగ్గరికి వచ్చింది. మా దగ్గర ఒక అలవాటు ఉంది. సంతకం పెట్టాల్సిన చోట పసుపు కాగితం ముక్క అంటించి ఉంటుంది. ముందువాళ్లు పెట్టారు కదా అని తర్వాతవాళ్లు పెడతారు. అందరూ ఆ ముక్కనే చూస్తారు, పైన ఏముందో చూడరు.

నేను చదివాను. చదివి పెట్టాను.

ఎండీ గారు నా భుజం తట్టి, "ఇరవై నాలుగు మీద దృష్టి పెట్టండి" అన్నారు.

జూన్ 18, బుధవారం

పొద్దున తొమ్మిదింటికి అక్క ఫోన్.

"నిజం చెప్పు. మా లిఫ్టులో ఏదో ఉంది కదూ?"

నేను టేబుల్ మీది ప్రింటును బోర్లించి పెట్టాను.

"ఉందన్నమాట. నాలుగు రోజులుగా మోకాళ్లు పట్టుకుని ఎక్కుతున్నా. నువ్వు చెప్పావు కాబట్టి ఎక్కుతున్నా, వ్యాయామం అని కాదు. ఇదిగో, ఇప్పుడే పైనింటావిడ వాళ్లమ్మని చక్రాల కుర్చీలో ఆసుపత్రికి తీసుకెళ్తోంది. వారానికి మూడుసార్లు వెళ్లకపోతే ఆ ముసలావిడ బతకదు. నా కళ్ల ముందే లిఫ్టులోకి తోసింది, తలుపు మూసుకుంది. నేను మెట్ల మీద గోడకు అతుక్కుని నిలబడ్డాను. కింద ఆగిన చప్పుడయ్యేదాకా ఊపిరి తీసుకోలేదు."

"అక్కా..."

"నాకు చెప్పావు. నేను నీ అక్కను కాబట్టి చెప్పావు. ఆవిడకు ఎవరి చెల్లెలు చెప్తుందే?"

ఫోన్ పెట్టేసింది.

అప్పుడు ఏడ్చాను. ఆఫీసులో, తలుపు వేసుకుని, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. నాకు సిగ్గేసింది. ఉద్యోగం పోతుందని భయం కూడా వేసింది, ఆ రెండూ కలిసే వచ్చాయి. తర్వాత మార్పు ఫారం తీశాను. కారణం అన్న గడిలో, "ఈ 212 గడులను ఖాళీగా ఉంచింది రికార్డు యజమాని. పరీక్షించకుండా నింపించింది నేను. ఆవిడకు చెప్పకుండా ఆవిడ పేరుతో నింపించాను. హెచ్చరిక నాకు మే 19న అందింది" అని రాశాను. ఇంత చిన్న విషయానికి ఎనిమిది రోజులు పట్టింది.

సంతకం కావాలి. గోడ మీది పట్టికలో యజమాని ఇంకా పిన్నే. ఆవిడ ఇంటికి వెళ్లాను.

రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఈ ఆరేళ్లలో ఆవిడ ఇల్లు ఎక్కడో నేనెప్పుడూ అడగలేదు, సిబ్బంది జాబితాలో చూసి వెళ్లాను. తలుపు తీసి, నన్ను చూసి, పక్కకు తప్పుకుంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఒకే గది. కిటికీ దగ్గర కుర్చీ, పక్కన ఫోన్. ఫోన్ మోగినప్పుడల్లా ఆవిడ చెయ్యి దానంతటదే లేస్తోంది.

"మెకానిక్‌లు" అంది. "దారి తెలియక చేస్తారు. చెప్పకూడదు కదా నేను. చెప్తున్నా."

ఫారం చేతికిచ్చాను. "ఇక్కడ సంతకం పెట్టాలి పిన్నీ."

"పెడతానో పెట్టనో తర్వాత. ముందు చదవనీ."

కళ్లజోడు తుడుచుకుని చదివింది. మొదటి పేజీ అయ్యాక తలెత్తి, "ఇది నువ్వే రాశావా, ఎవరన్నా రాయమంటే రాశావా?" అంది.

"నేనే."

"నన్ను తీసెయ్యమని నిన్న సంతకం పెట్టిందెవరు?"

ఆ మాట ఆవిడ దాకా ఎప్పుడు వచ్చిందో. "అదీ నేనే" అన్నాను.

ఆవిడ, "నాకు కోపం తగ్గలేదు. తగ్గుతుందని ఇక్కడ కూర్చుని ఎదురుచూడకు" అని, రెండో పేజీ తిప్పింది.

ఆ తర్వాత గంటా పావు. రెండు వందల పన్నెండు వరుసలూ చదివింది. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ. నేను ఎదురుగా పీట మీద కూర్చున్నాను. మధ్యలో లేచి టీ పెట్టింది, తాగమని చెప్పకుండా నా ముందు పెట్టింది. ముప్పై ఆరో వరుస దగ్గర ఆగి మొదటిసారి నవ్వింది.

"ఇదేంటమ్మా, ఈ భవనం పడగొట్టేసి ఆరు నెలలైంది కదా! దీనికి కూడా పచ్చ చుక్క పెట్టావా?"

పెట్టాను. లేని భవనంలో లేని లిఫ్టు మా తెర మీద పక్షం రోజులుగా ఆరోగ్యంగా ఉంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆవిడ పెన్సిల్‌తో ఆ వరుస కొట్టేసింది. కళ్ల ఆసుపత్రిది ఎలాగూ ఆపేశారు. మిగిలింది రెండు వందల పది. ఎప్పుడు అమలు చేయాలి అన్న గడిలో "వెంటనే. చూసేదాకా లిఫ్టు ఆపాలి" అని రాసి, సంతకం పెట్టింది.

జూన్ 19, గురువారం

ఎండీ గారు ఫారం రెండుసార్లు చదివారు. తర్వాత చాలాసేపు మాట్లాడారు. ఆరేళ్లలో ఆయన నన్ను ఏకవచనంలో పిలవడం ఇదే మొదటిసారి. చివరికి, "వారం ఆగుదాం. వాళ్లు వచ్చి తెర చూసి వెళ్లాక నువ్వేం చేసుకుంటావో చేసుకో" అన్నారు.

"యజమాని 'వెంటనే' అని రాసింది సార్. యజమాని రాశాక మీరైనా ఆపకూడదన్నది నియమం."

"ఎవరు పెట్టారా నియమం?"

"నేను రాశాను. మీరు సంతకం పెట్టారు."

చదివి పెట్టి ఉండరు. పసుపు ముక్క అంటించి ఉంటుంది.

నేను డేటా అమ్మాయి దగ్గరికి వెళ్లి, ఈసారి నా పేరుతో నడిపించు అన్నాను. ఆ పిల్ల నా వైపు ఒక్కసారి చూసి బటన్ నొక్కింది. తెర మీద రెండు వందల పది చుక్కలు ఎర్రబడ్డాయి.

జూన్ 20, శుక్రవారం

ఊరంతా మెట్ల మీద ఉంది, నోళ్లన్నీ మా మీద ఉన్నాయి. కాల్ రూమ్ అట్టుడికిపోయింది. ఏది ముందు చూడాలో, ఏ భవనానికి ఏ మెకానిక్‌ను పంపాలో ఎవరికీ పాలుపోలేదు. పదకొండింటికి ఎండీ గారే పిన్నికి ఫోన్ చేశారు. ఆవిడ ఏమందో తెలియదు. పన్నెండింటికి ఒక కొత్త కుర్చీ కాల్ రూమ్‌లోకి వెళ్లింది. ఒంటి గంటకు పిన్ని వెళ్లింది.

నన్ను హెడ్ బాధ్యతల నుంచి తప్పించారు. విచారణ పూర్తయ్యేదాకా కాల్ రూమ్‌కు సహాయంగా ఉండమన్నారు. పిన్ని ఎనిమిది మాటలు మాట్లాడింది నాతో, అన్నీ భవనాల పేర్లే.

జూన్ 22, ఆదివారం

ఆసుపత్రికి వెళ్లాను. పడిపోయినాయన మంచం మీద ఉన్నాడు, పక్కన కూతురు. కంటి కట్టు ఇంకా ఉంది. పది రోజులుగా అదే మాట తలుచుకుంటున్నాడని, కాస్త నెమ్మదిగా దిగి ఉంటే బాగుండేదని తనను తానే తిట్టుకుంటున్నాడని కూతురు చెప్పింది.

"మీ తప్పేం లేదండీ. లిఫ్టు బెత్తెడు పైన ఆగింది. అది అలా ఆగుతుందని ముందే మాకు తెలుసు" అన్నాను.

ఆయన కూతురి వైపు తిరిగి, "విన్నావా? నేను సరిగ్గానే అడుగేశానట" అన్నాడు. మళ్లీ అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "మరి ఎవరి తప్పమ్మా?" అన్నాడు.

"నాది."

ఆయన ఒక్క కన్నుతో నన్ను చాలాసేపు చూశాడు. కూతురు లేచి నిలబడింది. "ఇక మీరు వెళ్లండి" అంది. వచ్చేశాను.

జూన్ 24, మంగళవారం

బిల్డర్లు వచ్చారు. తెర మీద ఇంకా డెబ్బై మూడు ఎర్ర చుక్కలు ఉన్నాయి. టీ పూర్తిగా తాగకుండానే వెళ్లిపోయారు. తొమ్మిది వందల భవనాలూ పోయినట్టే.

జూన్ 27, శుక్రవారం

ఆఖరి లిఫ్టు చూడటం ఈ రోజుతో అయింది. రెండు వందల పదింటిలో ముప్పై ఒక్కటి నిజంగా బాగాలేవు. వాటిలో నాలుగు ఇవాళో రేపో అన్నట్టు ఉన్నాయి. ఒకటి ప్రసూతి ఆసుపత్రిది.

అక్క వాళ్ల లిఫ్టులో ఏ లోపమూ లేదు. తలుపులో దుమ్ము. తుడిచారు.

ఫోన్ చేసి చెప్పాను. "ఏమీ లేదా?" అంది అక్క. "ఐదు రోజులు లిఫ్టు ఆపించి, ఆ ముసలావిడను కుర్చీతో సహా నేనూ, నా దగ్గర బట్టలు కుట్టించుకునే ముగ్గురూ కలిసి కిందికీ పైకీ మోశాం కదే! దుమ్మా?"

"దుమ్మే."

అక్క నవ్వడం మొదలుపెట్టింది. నాకూ ఆగలేదు. "ఆవిడేమో మా చేతుల్లో రాణిలా కూర్చుని, ఎడమవైపు వంగుతోంది, సరిగ్గా పట్టుకోండి అని పని చెప్పింది" అంది. ఆదివారం భోజనానికి రమ్మంది. లిఫ్టులోనే రమ్మంది.

జూలై 1, మంగళవారం

మీటింగు పది గంటలకు జరగలేదు. మూడింటికి మార్చారు. పిన్ని రావాలంటే అదే వీలైన వేళ. కొత్త కుర్చీని కాల్ రూమ్ నుంచి తోసుకుంటూ తనే తెచ్చుకుంది.

నా సంగతి ఇంకా తేల్చలేదు. ఉంచుతారో పంపిస్తారో శుక్రవారం చెప్తారట. ఈ రోజు నా పని కాగితాలు అందించడం. మొదటి ఫారం కొత్త సిస్టమ్ నియమం మార్చడానికి: యజమాని కోరితే పూర్తయిన తేదీ గడి ఖాళీగా ఉండొచ్చు. పసుపు ముక్క అంటించకుండా పిన్ని ముందు పెట్టాను.

ఆవిడ కళ్లజోడు తుడుచుకుంది. చదవడం మొదలుపెట్టింది. ఎండీ గారు గడియారం చూసుకున్నారు, సూపర్‌వైజర్ పైకప్పు చూశాడు. పది నిమిషాలు గడిచాయి. చివరి పేజీలో, సిస్టమ్స్ హెడ్ పేరు ఉండాల్సిన గడి మీద ఆవిడ వేలు ఆగింది.

"ఇక్కడ ఎవరి పేరూ లేదేం?"

"ఎవరో ఇంకా తేలలేదు పిన్నీ" అన్నాను.

ఆవిడ కళ్లజోడు మీదుగా నన్ను చూసింది. ఆ రోజు తన గదిలో చూసినంత కోపంగా చూడలేదు. అలాగని మెత్తగానూ చూడలేదు.

"తేలకపోతే అలాగే ఉంచు" అంది. "నింపకు."